జహంగీరు రాశి మొహర్లు

భారతదేశంలో నాణేలు కూర్చేవారు తమ పెట్టెలో ఒక్కటైనా చేరాలని కోరుకునే వాటిలో మొఘల్ చక్రవర్తి జహంగీరు ముద్రింపించిన రాశి మొహర్లది, అంటే మేషం మొదలు మీనం వరకు పన్నెండు రాశుల బొమ్మలున్న బంగారు నాణేలది, ముందు వరుస. పదకొండు గ్రాములు కూడా తూగని, సుమారు రెండు సెంటీమీటర్ల వెడల్పున్న ఆ బిళ్లలోని బంగారం విలువకూ, వేలంలో అది పలికే ధరకూ పొంతనే ఉండదు. ఆ తేడా అంతా అచ్చు చెక్కిన చేతిదే.

1618లో గుజరాత్‌లో మకాం చేసి ఉండగా ఈ ఆలోచన తనకే తట్టిందని జహంగీరు తన స్వీయచరిత్రలో రాసుకున్నాడు. అంతవరకు నాణెం మీద నెల పేరు అక్షరాలలో ఉండేది. అక్బరు నెలకొల్పిన ఇలాహీ శకం సౌరమానాన్ని అనుసరించి వసంత విషువత్తుతో మొదలవుతుంది కనుక ప్రతి నెలకూ సూర్యుడుండే రాశి ఒకటి సరిపోతుంది. ఫర్వర్దీన్ నెలకు మేషం, ఉర్దీబిహిష్త్‌కు వృషభం అన్న వరుసలో పేరుకు బదులు బొమ్మ వచ్చింది. వెండి రూపాయలు అహ్మదాబాదులోను, మొహర్లు ప్రధానంగా ఆగ్రాలోను తయారయ్యాయి. నూర్జహాను ఒక్క రోజు రాజ్యమేలి ఇవన్నీ కొట్టించిందని ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే చెప్పిన కథ వినసొంపుగానే ఉంటుంది గాని, నాణేల మీద వేర్వేరు సంవత్సరాలు కనిపిస్తుండగా దానిని నమ్మేదెలా?

టంకసాల పని పైకి సులువుగా తోస్తుంది. ఉక్కు అచ్చులు రెండింటిలో ఒకటి కింద కదలకుండా ఉంటుంది, దాని మీద తూకం సరిచూసిన బంగారు బిళ్ల పెట్టి, పైన రెండో అచ్చు నిలిపి సమ్మెటతో కొడితే రెండు ముఖాలూ ఒకేసారి పడతాయి. అయితే నాణెం మీద ఉబ్బెత్తుగా కనిపించవలసిన ప్రతి గీతనూ చెక్కేవాడు ఉక్కులో లోతుగా, అదీ కుడి ఎడమలు తారుమారు చేసి తొలవాలి. అక్షరమైతే అలవాటు కొంత తోడ్పడుతుంది, పరుగెత్తే పొట్టేలు డొక్కల నిగ్గును వెంట్రుక మందం లోతు తేడాలతో తెప్పించడానికి అలవాటొక్కటే చాలదు. సాధారణ మొఘల్ రూపాయలో అచ్చు బిళ్ల కంటే పెద్దది కావడంతో రాతలో సగం అంచు బయటికే పోతుంది. మంచి ఆగ్రా మొహరులో మాత్రం జంతువు, దాని వెనుక కిరణాలు చిమ్మే సూర్యుడు, చుట్టూ చుక్కల వలయం, అన్నీ బిళ్ల లోపలే ఒదుగుతాయి. ధనుస్సులో సగం మనిషి, సగం మృగమైన విలుకాడు వెనక్కి తిరిగి, నోరు తెరిచిన సర్పంగా మారిన తన తోక మీదికే బాణం గురిపెడతాడు; గోటంత చోటులో ఆ మెడ మలుపు, వింటి బిగువు చూపినవాడిని ఏమని పొగడాలి! కుమారగుప్తుడు ఖడ్గమృగాన్ని వేటాడే నాణేన్ని నెత్తిన పెట్టుకునే గుప్త పక్షపాతులు ఈ మాట ఒప్పుకోరు. వారి నాణెం గొప్పదే, కాని ఆగ్రా సింహం నడక దానికి లేదు. అహ్మదాబాదు రూపాయలను ఆగ్రా బంగారం పక్కన నిలబెట్టడం కూడా మొహమాటానికి చెప్పే మాటే.

ఈ చేతులకు పేర్లు మిగలకపోవడం బాధాకరం. వారికి ముందు తరంలో ఢిల్లీకి చెందిన ముల్లా అలీ అహ్మద్ ఉక్కులో చెక్కిన అక్షరాలు మేటి లేఖకుల మేలుబంతులకు సమానమని అబుల్ ఫజల్ ‘ఆయినె అక్బరీ’లో కొనియాడాడు. అమీర్ ఖుస్రో పద్యం ఒకటి గాయకులు పాడుతుండగా ఆవేశానికి లోనై ఆయన జహంగీరు ఎదుటే కుప్పకూలి ప్రాణం విడిచాడు. అప్పటికి రాశి నాణేలు పుట్టలేదు; ఆయన నేర్పిన పనితనమే టంకసాలలో కొనసాగిందనుకోవడం న్యాయం. పరిమాణం లెక్కకు వస్తే, 1613లో ఆగ్రాలో పోసిన వెయ్యి తులాల మొహరు బరువు దాదాపు 12 కిలోలు; హైదరాబాదు నిజాముల వద్ద ఉండేదని చెప్పే ఆ నాణెం 1987లో జెనీవా వేలంలో కనిపించి లోకాన్ని నివ్వెరపరిచింది. అంత బంగారంలోనూ బొమ్మ లేదు, రాత మాత్రమే ఉంది.

నకిలీలు కొత్తవి కావు, మొఘలుల కాలం తరువాత చేసిన అనుకరణలు పేరున్న మ్యూజియంలలోకి కూడా చేరాయి. వాటిలో కొన్నింటికి ఎంతో కొంత పనితనం ఉంది. ఇప్పుడు సంతల్లోను, ఫోన్ తెరల మీదను అమ్ముతున్న పోత బిళ్లలకు అదీ లేదు: సూది మొనంత గుంటలు, అంచు చుట్టూ అతుకు గీత, సబ్బు అరిగినట్టు మెత్తబడిన అక్షరాలు, తక్కువ తూకం. ఇంటిల్లిపాదీ దాచుకున్న సొమ్ము పెట్టి వాటిని కొన్న కుర్రవాడు, మోసమని తెలిశాక నాణేల జోలికే రాడు. ఈ విద్యకు అంతకు మించిన నష్టం లేదు. అసలు నాణేలకు జరిగే హాని ఇంకొక దారి. కాసులపేరులో గుచ్చడానికో, పతకం చేయడానికో కొక్కెం టంకం పెట్టించడం, ఆపైన కంసాలి చేత మెరుగు పెట్టించడం, అమ్మే ముందు ఆ కొక్కెం గీకించడం! మేషం కొమ్ముల మీది సన్నని గీతలు ఒక్క మెరుగుతో పోతే మరి తిరిగి రావు, ధరలో అధిక భాగమూ వాటితోనే పోతుంది.

వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, అనుమతి లేకుండా దేశం దాటించరాదు. నేలలో దొరికిన నిధిని ప్రభుత్వానికి తెలపాలని 1878 చట్టం చెబుతోంది. ఈ రెండూ తెలిసీ తెలియనట్టు ఉండే సేకర్తలు తమ వ్యసనానికి తామే కీడు చేసుకుంటున్నారు. అసలైన ఆగ్రా మొహర్లతో పన్నెండు రాశులూ పూర్తిచేసిన వరుస ఎంతో అరుదు కనుక, ఎవరి వద్ద ఒక్కటున్నా దానిని తోమకుండా, రెండు ముఖాలకూ ఫోటో తీయించి, తూకం, వెడల్పు, ఎక్కడి నుంచి వచ్చిందో రాసి, పరిశోధకులకు చూపాలి. ఒకే అచ్చు నుంచి పడిన రెండు నాణేలు వేర్వేరు ఇళ్లలో ఉన్నప్పుడు అవి తోబుట్టువులని తేల్చడానికి ఆ ఫోటోలు తప్ప వేరే ఆధారం ఉండదు.