ఇరవయ్యో తేదీలోపు

గుంటూరు నుంచి వచ్చే రైలు మార్గం నడికుడిలో చీలి ఒకటి మాచర్లకు, ఒకటి నల్గొండ వైపుకు పోతుంది. ఇలాంటి ఊళ్లో ఎరువుల కొట్టుకో, సిమెంటు డీలరుకో జీఎస్టీ రిటర్న్ వేసిపెట్టే అకౌంటెంటును మెచ్చుకునేవాళ్లు తక్కువ. నెలనెలా వేసే ఖాతాలకు 11లోపు అమ్మకాల జీఎస్టీఆర్-1, 20లోపు పన్ను కట్టే 3బీ. అసలు నేర్పు మధ్యలో, 14న వచ్చే, కొనుగోళ్లపై క్రెడిట్ చూపే 2బీ దగ్గరుంది. సరుకు అమ్మినవాడు బిల్లు ఎక్కించకపోతే కొన్నవాడికి పన్ను క్రెడిట్ రాదు. అందుకే షావుకారు సంచిలో కుక్కి తెచ్చిన బిల్లులన్నీ అకౌంటెంటు ఒక్కొక్కటే సరిచూసి, కనబడని దానికోసం అమ్మినవాడికి ఫోన్ కొడతాడు. వ్యాపారం సున్నా అయినా రిటర్న్ వేయాల్సిందే; ఆలస్యమైతే రోజుకు 20 రూపాయలు. తీరా రిటర్న్ వేయబోతే ఓటీపీ షావుకారు ఫోన్‌కు పోతుంది, ఆయనేమో బేరంలో ఉంటాడు. ఫీజు అడిగినప్పుడూ బేరంలోనే ఉంటాడనుకోండి!