ఒకే వేరు, రెండు లోహాలు

మన సంఘాల సంచికల్లోను, ఉత్సవాలప్పుడు హాలు బయట బల్లల మీద పరిచే ప్రదర్శనల్లోను కలంకారీ గురించి రాసేవారు సాధారణంగా రెండే మాటలు చెబుతారు. బొమ్మ రామాయణంలోదా భాగవతంలోదా అన్నది మొదటిది. "అన్నీ సహజమైన రంగులే" అన్నది రెండోది. మొదటిది కథ చెప్పడం. రెండోది కొట్టులో డబ్బా మీద "స్వచ్ఛమైన నెయ్యి" అని అంటించడం వంటిది. గుడ్డ బాగుందా, బాగుంటే ఎందుకు బాగుంది అన్న ప్రశ్న రెండింటిలోనూ లేదు.

కలంకారీని కాగితం మీద బొమ్మలాగా చూడటం వల్ల వచ్చిన చిక్కు ఇది. కాగితం మీద రంగు పూస్తే అక్కడే ఎండి ఉంటుంది. ఎవరూ దాన్ని ఉతకరు. గుడ్డను ఉతుకుతారు, ఎండవేస్తారు, ఒంటికి చుట్టుకుంటారు. అందులోనూ నూలుగుడ్డ మహా మొండిది. పట్టు, ఉన్ని మాంసకృత్తులు. కాస్త ఆమ్లం కలిపిన నీళ్ళలో వాటిలోని అమైనో సముదాయాలకు ధనావేశం వస్తుంది, ఋణావేశమున్న రంగు అణువు వెళ్ళి అక్కడ అతుక్కుంటుంది. నూలు సెల్యులోజ్, అంటే చక్కెర అణువుల పొడుగాటి గొలుసు. దానికి ఆ సదుపాయం లేదు. పైగా నీళ్ళలో దాని పైభాగం కొద్దిగా ఋణావేశంతో ఉండి, అటువంటి రంగుల్నే దూరంగా నెట్టేస్తుంది. పసుపు, కుసుమపువ్వు పట్టినట్టే పట్టి వెలిసిపోతాయి. 1884లో కాంగో రెడ్ వచ్చేదాకా, మధ్యవర్తి లేకుండా నూలుకు నేరుగా పట్టే కృత్రిమ రంగు కూడా లేదు. దాని అణువు పొడుగ్గా, చదునుగా ఉండి సెల్యులోజ్ గొలుసు పక్కనే చేరగిలబడుతుంది. (ఎమిలాయిడ్ జబ్బును స్లైడు మీద గుర్తించడానికి మేము ఇవాళ్టికీ వాడేది ఆ రంగే. ఎమిలాయిడ్ కూడా తిన్నని పొడుగు పోగులే కాబట్టి, గుడ్డకు పట్టినట్టే దానికీ పడుతుంది.)

మరి అంతకు ఎన్నో తరాల ముందే కృష్ణాతీరం నుంచి పులికాట్ దాకా మన అద్దకపువాళ్ళు నూలు మీద నిలిచే ఎరుపు ఎలా సాధించారు? మధ్యవర్తులను పెట్టి. ముందు గుడ్డను కరక్కాయ కషాయంలోను గేదెపాలలోను ముంచుతారు. పాలలోని కొవ్వు వల్ల కలం గీసిన గీత చెదరదు. కరక్కాయలోని టానిన్ నూలును పట్టుకుంటుంది. ఆ తరువాత ఎరుపు కావలసిన చోట కలంతో పటిక నీళ్ళు గీస్తారు. పటికలోని అల్యూమినియాన్ని టానిన్ పట్టుకుంటుంది. అప్పుడు గుడ్డ మొత్తాన్ని చిరివేరు వేసిన నీళ్ళలో ఉడకబెడతారు. వేరులో ఉన్న అలిజరిన్‌ను అల్యూమినియం రెండు చేతులా పట్టుకుంటుంది. పటిక పడిన చోట ఎరుపు తేలుతుంది. మిగతా చోట అంటిన మరక ఉతుకులకూ ఎండకూ పోతుంది.

ఇక్కడ చిత్రకారుడు చేస్తున్న పని గమనించండి. అతడు గీసేటప్పుడు ఎరుపు అతనికి కనబడదు. గీసేది రంగుతో కాదు, రంగును పట్టే దానితో. అణుశాస్త్రం చదవని చేతులు ఆ పట్టును అంత ఖచ్చితంగా ఎరిగి ఉన్నాయంటే, కలంకారీలో మెచ్చుకోవలసింది ముందు అదే. హనుమంతుడి తోక వంపు తరువాత సంగతి. వైద్యవిద్యార్థులందరూ మొదటి సంవత్సరంలో చూసే స్లైడులోనూ ఇదే కథ. హెమటాక్సిలిన్ ఒక చెట్టు చేవలోంచి తీసినది. పటిక తోడు లేకపోతే అది కణకేంద్రానికి సరిగా పట్టదు.

అదే చిరివేరు నీళ్ళలో, పటికకు బదులు ఇనుప నీళ్ళు గీసిన చోట ఊదారంగు వస్తుంది. రెండూ కలిపి గీస్తే గోధుమరంగు. ఇనుపముక్కలను బెల్లం నీళ్ళలో రోజుల తరబడి పులియబెట్టిన కసిమిని కరక్కాయ పట్టించిన గుడ్డ మీద గీస్తే నలుపు. అంటే ఒక వేరు, రెండు లోహాలు, ఒక కాయ: గుడ్డ మీద రంగుల్లో అధికభాగం ఈ ఒక్క కుటుంబానిదే. పాత కలంకారీలో ఏ రంగూ మరోదాన్ని కసరదు, అన్నీ ఒద్దికగా ఉంటాయని అందరూ అంటారు. దాన్ని "భారతీయ సౌందర్యదృష్టి" అని పెద్ద మాటతో దాటేస్తారు. ఆ ఒద్దికకు చాలావరకు కారణం రంగులు అన్నదమ్ములు కావడమే అని నా అభిప్రాయం. ఇవాళ డజను రంగులతో స్క్రీన్ మీద అచ్చువేసి కలంకారీ అని అమ్మే చీరల్లో నెమళ్ళూ, లతలూ అన్నీ ఉన్నాయి. ఈ చుట్టరికం లేదు. అందుకే కన్ను నిలవదు.

వాటిని "రసాయనపు రంగులు" అని తిట్టడం మాత్రం నాకు సమ్మతం కాదు. 1868లో జర్మనీలో గ్రేబె, లీబర్‌మన్ ప్రయోగశాలలో చేసిన అలిజరిన్‌కూ, వేరులో ఉన్న అలిజరిన్‌కూ అణువులో ఏ భేదమూ లేదు. 1956లో బజారుకు వచ్చిన రియాక్టివ్ రంగులైతే సెల్యులోజ్‌తో ఏకంగా సమయోజనీయ బంధమే వేసుకుంటాయి. నూలుకు అంతకన్న గట్టి పట్టు లేదు. అటుపక్క, సహజమైన నీలిమందుకు నూలుతో బంధమంటూ పెద్దగా లేదు. నీళ్ళలో కరిగే రూపంలో పోగులోకి దూరి, గాలి తగలగానే కరగని నీలంగా మారి లోపల చిక్కుకుపోతుంది, అంతే. మన పిల్లల జీన్సు మోకాళ్ళ దగ్గర తెల్లబడేది అందుకే.

కాబట్టి అడగవలసింది సహజమా కృత్రిమమా అని కాదు, రంగు పోగులో ఉందా, పోగు మీద ఉందా అని. స్క్రీన్ అచ్చుల్లో విరివిగా వాడే పిగ్మెంటు రంగు నూలుకు పట్టదు. జిగురు పొరతో పైన అంటుకుని ఉంటుంది. అచ్చు ఉన్న చోట వేలితో తడిమితే కాస్త బిరుసుగా తగులుతుంది. తెల్ల చేతిరుమాలుతో గట్టిగా రుద్దితే తెలిసిపోతుంది. శ్రీకాళహస్తిలో వారాల తరబడి ఉడకబెట్టి, ఉతికి, ఎండవేసిన గుడ్డకూ, ఒక పూటలో అచ్చువేసిన గుడ్డకూ మనం ఒకే పేరు పెట్టి, ఒకే రెండు వాక్యాల పొగడ్త రాస్తే నష్టపోయేది ఆ ఉతికినవాడు. అతని గుడ్డకు ఎక్కువ ధర ఎందుకో కొనేవారికి చెప్పే దిక్కు ఉండదు.

ఈ కోణంలో నేను చదివిన మంచి విమర్శ 1742లో కూర్డూ అనే ఫ్రెంచి జెస్యూట్ రాసిన ఉత్తరం. తెలుగు-ఫ్రెంచి-సంస్కృత నిఘంటువు కూర్చినవాడు ఆయనే. బొమ్మల ముచ్చట అతనికి అంతగా పట్టలేదు. కరక్కాయ ఎలా నూరాలి, పాలు ఎలా కలపాలి, గుడ్డను ఎలా ఉతకాలి అన్నదే రాశాడు. తమ దేశంలో నకలు తీయడానికే రాశాడన్నది నిజమే. అయినా గుడ్డను గుడ్డగా చూశాడు.

అలా చూసినప్పుడు దోషాలూ కనిపిస్తాయి. ఇక్కడి మ్యూజియంలో 18వ శతాబ్దపు తెర ఒకటి చూశాను. ఎరుపు నిన్న వేసినట్టుంది. నల్లని గీతలు ఉండవలసిన చోట మాత్రం చాలాచోట్ల నూలే లేదు. ఇనుము టానిన్‌తో కలిసి నలుపును గట్టిగా నిలుపుతుంది గాని, గాలిలోని ఆక్సిజన్ చేత సెల్యులోజ్ గొలుసును మెల్లమెల్లగా తెగగొట్టిస్తుంది. కొమ్మల అంచులు, పక్షి కన్ను, గీత ఉన్న మేరకే చీలిపోయి, ఆ సందుల్లోంచి వెనక కుట్టిన కొత్త గుడ్డ కనబడుతోంది. పక్కన చీటీలో సహజమైన రంగులని ఉంది.