కంచె పొడవునా ఒక దారి

మా పొలంలో తూర్పు కంచె పక్కన ఒక దారి పడింది. మనుషులు నడిచిన దారి కాదు. మూడు వారాల్లో మా బాద్షా ఒక్కడే తొక్కి తొక్కి వేశాడు. ఈ మూల కడీ నుంచి ఆ మూల కడీ దాకా, మళ్లీ వెనక్కి. మూరెడు వెడల్పున గడ్డిపోచ లేదు. వాడు గిర్రున వెనక్కి తిరిగే రెండు చోట్లా ఎర్రమట్టి లేచిపోయి గుంటలయ్యాయి. పొద్దున ఐదున్నరకు నేను వెళ్లేసరికి మెడ మీద చెమట ఎండి ఉప్పు తేలి ఉండేది. నన్ను చూసి పరుగెత్తుకొచ్చే గుర్రం, నా వైపు ఒక చెవి మాత్రం తిప్పి మళ్లీ కంచె వెంట పడేవాడు.

బాద్షాకు ఎనిమిదేళ్లు. పరుగుపందేల నుంచి రిటైరై వచ్చాడు. ఐదేళ్లప్పుడు విత్తులు తీయించారు. ఇంగ్లీషు మాటలో గెల్డింగ్, మా సాయీసు చాచా మాటలో ఆఖ్తా. మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వెళ్లే దారిలో ఉన్న మా రెండెకరాల్లో ఏడాదిగా ఒక్కడే ఉంటున్నాడు. మంచి గుర్రం, మాట వింటాడు అని అందరితోనూ చెప్పుకునేదాన్ని. మాఘమాసం పెళ్లిళ్లు మొదలవగానే పక్క చేను వాళ్లు తమ ఎకరం పెళ్లిగుర్రాల వ్యాపారికి అద్దెకిచ్చారు. రెండు మార్వారీ ఆడగుర్రాలు దిగాయి. చెవుల కొనలు లోపలికి తిరిగి ఒకదాన్నొకటి తాకే ఆ జాతి అందం చూసి మొదటిరోజు నేనూ మురిసిపోయాను. బరాత్‌కు ఆడగుర్రమే ఎక్కాలన్న ఆచారం మా కంచె దాకా వచ్చి కూర్చుంటుందని అనుకోలేదు.

చూసినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. విత్తులు తీసేశాక ఇంకా ఈ ఆరాటమేమిటని. నాకూ అదే అనుమానం. కొన్ని గుర్రాలకు ఒక విత్తు కిందికి దిగకుండా కడుపులోనే ఉండిపోతుంది. పైనున్నదాన్ని తీసి పని అయిపోయిందనుకుంటారు. అందుకే డాక్టరు గారు ఒకసారి రక్తం తీసి, ఒక హార్మోన్ సూది వేసి, మళ్లీ తీసి టెస్టోస్టెరాన్ చూశారు. ఏమీ లేదు. శుభ్రంగా ఉంది. నాలుగైదు గెల్డింగుల్లో ఒకదానికి ఈ పాత అలవాట్లు మిగిలే ఉంటాయని అప్పుడు చెప్పారు. శస్త్రచికిత్స అయిన కొద్ది రోజుల్లోనే రక్తంలోంచి హార్మోను తగ్గిపోతుంది. ఐదేళ్లు మగగుర్రంగా బతికిన బుర్రలోంచి ఆ బతుకు పోదు.

ఒకరోజు దగ్గర నిలబడి చూశాను. పక్క చేలోని ఆడగుర్రాల్లో చిన్నది కంచె దగ్గరికొచ్చి, తోక పక్కకు తీసి, కాసింత మూత్రం పోసి నిలబడింది. ఎదకొచ్చిన ఆడగుర్రం లక్షణం అది. బాద్షా నడక ఆపాడు. మెడ ముందుకు చాచి, పై పెదవిని ముక్కు మీదికి మడిచి, చిగుళ్లు కనిపించేలా తల పైకెత్తి అలాగే ఉండిపోయాడు. కళ్లు సగం మూసుకున్నాయి. ముక్కు లోపల వాసనల కోసమే విడిగా ఒక అవయవం ఉంది. అక్కడికి ఆ కబురు చేరవేసే తీరు అది. చూడ్డానికి గుర్రం నవ్వుతున్నట్టుంటుంది. ఫోటోలు తీసుకుంటారు. ఆ క్షణాన వాడి డొక్కలు ఎలా ఎగిసిపడుతున్నాయో చూసిన నాకు నవ్వు రాలేదు.

నేను చేసిన తప్పులు చెప్పాలి. మొదట లాయంలో పెట్టి తలుపు వేశాను. రాత్రంతా గోడను తన్నాడు. తర్వాత అలిసిపోతే ఊరుకుంటాడని రోజూ గంటన్నర దౌడు తీయించాను. ఒళ్లు అలిసింది, ఆరాటం అలాగే ఉంది. ఛాతీ చుట్టుకొలత 180 సెంటీమీటర్ల నుంచి 174కు దిగింది. చుట్టుకొలతను దాంతోనే గుణించి, పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది. లెక్క వేస్తే దగ్గర దగ్గర 30 కిలోలు పోయాయి. కంగారుపడి ఉలవలూ ఓట్సూ పెంచాను. అది ఎగసే మంటలో నూనె పోసినట్టయింది. గుర్రం కడుపులో ఆమ్లం రోజంతా ఊరుతూనే ఉంటుంది. మేత మేయకుండా తిరిగే గుర్రానికి గడ్డి తగ్గి దాణా పెరిగితే పుండ్లు పడతాయి. చివరికి ఒక రాత్రి ముళ్లతీగ మీదికి ఒరిగి ఛాతీ చీరుకున్నాడు. పదకొండు కుట్లు, ధనుర్వాతం సూది. గుర్రముండే చోట ముళ్లతీగ ఉంచడం నా తప్పు. ఆ వారమే పీకించేశాను.

పక్క చేను పెద్దాయన వచ్చాడు. "అక్కా, మీ గుర్రం రాత్రంతా ఒర్లుతుంది. మా పోరలు నిద్రపోతలేరు. అన్నిటినీ ఒక్కదగ్గర ఇడిస్తే ఏమైతది?" అన్నాడు. చాలామంది ఇచ్చే సలహా ఇదే. అలా కలిపితే బాద్షాలాంటివాడు ఆ రెంటినీ తన మందగా కాపలా కాయడం మొదలుపెడతాడు, దగ్గరికొచ్చిన మనిషి మీదికే తిరగబడతాడు. ఆడగుర్రాలు తన్నే తన్ను సామాన్యమైంది కాదు. పైగా అవి ముహూర్తం ఉన్న ప్రతి రాత్రీ లారీ ఎక్కి వెళ్లిపోతాయి. అప్పుడు వీణ్ని ఎవరు పట్టాలి?

దారి చూపింది చాచా. ఎండుగడ్డి విదిలిస్తూ తలెత్తకుండానే అన్నాడు. "బేటీ, వీడికి వాళ్ల కంటే ముందు ఇంకొకడు కావాలె. ఏడాది నుంచి ఒక్కడే ఉన్నడు."

ఆ మాట నాకు గుచ్చుకుంది. మంద జంతువును ఒంటరిగా ఉంచి, వాడి నెమ్మదితనాన్ని నా పెంపకం అనుకున్నాను. ఏడాది తర్వాత తన జాతి కంటబడితే వాడు ఆ కంచెను వదలలేకపోయాడు. అందులో ఎద వాసన కొంత. ఒంటరితనం చాలా.

ఒక రైడింగ్ స్కూలు నుంచి పంతొమ్మిదేళ్ల ముసలి గెల్డింగును తెచ్చాం. పళ్లు అరిగిపోయాయి, దాణా నానబెట్టి పెట్టాలి. వారం రోజులు మధ్యలో అడ్డం ఉంచి, ముక్కూ ముక్కూ కలిశాకే ఒకచోట వదిలాం. కంచెకు నాలుగు మీటర్లు ఇవతల రెండో కంచె వేయించాను. అడవిపందులకని రైతులు పెట్టుకునే సోలార్ ఫెన్సింగే, తీగకు బదులు కంటికి కనిపించే వెడల్పాటి తెల్ల టేపుతో. గ్రీన్‌నెట్ కట్టి చూపు ఆపుదామని అంతకుముందు ప్రయత్నిస్తే రెండురోజులు మరీ రెచ్చిపోయాడు. వినిపిస్తూ కనిపించకపోవడం వాడికి ఇంకా నరకం. దూరం పనిచేసింది, తెర పనిచేయలేదు. నీళ్ల తొట్టి పడమటి మూలకు మార్చాం. దాణా సగానికి తగ్గించి, ఎండుగడ్డిని ఎనిమిది చోట్ల కుప్పలు వేశాం. దౌడు మానేసి, తెల్లవారుజామున తలకట్టు వేసి పగ్గం పట్టుకుని ఇరవై నిమిషాలు నడిపించాను. తల దించితే ఆగాలి, ఊపిరి వదిలితే మెడ నిమరాలి. అంతే పని.

పుస్తకాలు చలికాలం దాకా ఓపిక పట్టమంటాయి. పగలు పొడవైన కాలంలోనే ఆడగుర్రాలు ఎదకొస్తాయి కనుక. ఇంగ్లండులో డిసెంబరు పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. మన హైదరాబాదులో పదకొండు గంటలుంటుంది. అందుకే మన దగ్గర చాలా ఆడగుర్రాలు ఏడాది పొడవునా ఎదకొస్తూనే ఉంటాయి. ఇరవై ఒక్క రోజులకోసారి, ఐదారు రోజులు. ఆ రోజులు పెద్దాయన తన గోడ క్యాలెండర్‌లో పెన్నుతో గుండ్రాలు చుట్టి నాకు ఫోన్ చేస్తాడు. ఆ వారం బాద్షాను పడమటి మడిలోనే ఉంచుతాం.

ఆషాఢంలో ముహూర్తాలు లేక ఆ రెండు ఆడగుర్రాలూ వెళ్లిపోయాయి. శ్రావణంలో మళ్లీ వచ్చాయి. లారీ తలుపు తెరుచుకోగానే బాద్షా తలెత్తి సకిలించాడు. రెండో కంచె దాకా నాలుగు దౌడు అడుగులు వేశాడు. అక్కడ ఆగి చాలాసేపు చూశాడు. వెనక ముసలాయన గడ్డి నములుతున్న చప్పుడు. కాసేపటికి ఇటు తిరిగి, అదే కుప్పలో మూతి పెట్టాడు.

వానలకు ఆ పాత దారిలో గరిక పాకింది. మలుపు గుంటల్లో మాత్రం ఇంకా ఎర్రమట్టే.