గొర్రెలకాపరి నోట ఎవరి మాట?

ఎడిన్‌బర్గ్ ప్రిన్సెస్ వీధి తూర్పు కొసన, రిజిస్టర్ హౌస్ ముందు, ముందుకాళ్లెత్తిన గుర్రం మీద వెలింగ్టన్ ప్రభువు కంచు విగ్రహం ఉంటుంది. జాన్ స్టీల్ చేసిన ఆ విగ్రహాన్ని 1852లో నిలబెట్టారు. ఆ భవనం వెనక సందుల్లో పంతొమ్మిదో శతాబ్ది తొలినాళ్లలో ఆంబ్రోజ్ అనే ఆయన పానశాల ఉండేది. పానశాల ఇప్పుడు లేదు; విగ్రహం కింద పర్యాటకులు ఫోటోలు దిగుతుంటారు. బతికి ఉన్న ప్రసిద్ధులను కథలోకి రప్పించి వాళ్లచేత మాట్లాడించే విద్యకు ఈ రెండు చోట్లతోనూ సంబంధముంది. ఆ విద్య నేడు ఎక్కువగా బాయ్ బ్యాండ్ అభిమానుల చేతిలో ఉంది.

అభిమాన కథలు చదివేవాళ్లు దాదాపు అన్నిటినీ క్షమిస్తారు. వాక్యం కుంటినా, కథ ఎక్కడికీ కదలకపోయినా సహిస్తారు. ‘అతను అలా మాట్లాడడు’ అనిపించిందా, ఇక ఆ కథ ముగిసినట్టే. కల్పిత పాత్ర విషయంలో ఈ ఆక్షేపణకు ఆధారం సులువుగా దొరుకుతుంది. షెర్లాక్ హోమ్స్ ఎలా మాట్లాడతాడో సరిచూసుకోవడానికి డాయిల్ పుస్తకాలున్నాయి (డాయిల్ ఈ ఊరివాడే). అయిదుగురు పాటగాళ్లలో ఒకడు ఎలా మాట్లాడతాడో చూడటానికి ఏ పుస్తకం తెరవాలి? రాసే అమ్మాయి అతణ్ని కలవలేదు, చదివే అమ్మాయీ కలవలేదు. అయినా అతను ఏ మాట అనడో ఇద్దరికీ తెలుసు. మన ఆలంకారికులు పాత్రౌచిత్యమన్నది ఇక్కడ దేనికి కట్టుబడి ఉంటుంది?

ఈ ఊరి బాయ్ బ్యాండుతోనే మొదలుపెడతాను. అలన్, డెరిక్ లాంగ్‌మ్యూర్ అనే అన్నదమ్ములు ఇక్కడ మొదలుపెట్టిన బృందం బే సిటీ రోలర్స్. అమెరికా పటం మీదికి బాణం విసిరితే అది మిషిగన్‌లోని బే సిటీ దగ్గర గుచ్చుకుందనీ, పేరు అలా వచ్చిందనీ చెబుతారు. 1975లో ‘బై బై బేబీ’ బ్రిటన్‌లో ఆరు వారాలు మొదటి స్థానంలో ఉంది. 1976 జనవరిలో ‘సాటర్‌డే నైట్’ అమెరికాలోనూ మొదటి స్థానానికి చేరింది. పొట్టి పంట్లాలు, వాటి అంచున స్కాటిష్ గళ్ల గుడ్డ. దేశమంతటా ఆడపిల్లలు ఆ గళ్లగుడ్డనే మెడకూ మణికట్టుకూ చుట్టుకున్నారు. ఈ కుర్రాళ్లు మద్యం ముట్టరనీ, పాలు తాగుతారనీ మేనేజర్ టామ్ పేటన్ పత్రికలకు చెప్పాడు. తొలి రికార్డుల్లో వాద్యాలు చాలావరకు కూలికి వచ్చిన వాద్యకారులవి. ‘రిమెంబర్’ పాట మొదట నాబీ క్లార్క్ గొంతుతో రికార్డయింది. అతను తప్పుకోగానే అదే పాటకు లెస్ మెక్యూన్ గొంతు అతికించారు. 1974లో జనం విన్నది ఆ గొంతే. అందరిలోకీ పెద్దవాడైన అలన్ 1976లో వెళ్లిపోతే ఆ స్థానంలోకి పదిహేడేళ్ల ఇయన్ మిచెల్ వచ్చాడు. ఇక పేటన్ 1982లో టీనేజి కుర్రాళ్ల పట్ల అసభ్య ప్రవర్తన నేరం కింద జైలుకు వెళ్లాడు.

ఇప్పుడు 1975లో ఒక పద్నాలుగేళ్ల పిల్ల నోటుపుస్తకంలో కథ రాసిందనుకుందాం. కథలో లెస్ కచేరీ ముగించుకొని వచ్చి పాలు తాగుతాడు. అది పాత్రౌచిత్యమే. ఆమె స్నేహితురాళ్లలో ఒక్కరైనా ఆక్షేపించరు. లెస్ చేత విస్కీ తాగించి ఉంటే ‘అతను అలాంటివాడు కాడు’ అని పుస్తకం మూసేసేవారు. 2003లో వచ్చిన అతని ఆత్మకథ చదివినవారికి ఈ రెంటిలో నిజానికి దగ్గరిదేదో చెప్పనక్కరలేదు. అంటే పాత్రౌచిత్యం కట్టుబడింది మనిషికి కాదు, అతని పేరు మీద అప్పటికే చలామణిలో ఉన్న మరొక కల్పనకు. ఆ కల్పనను మేనేజరు, పత్రికలు, దుస్తులు కుట్టినవారు, చివరికి అభిమానులు కూడా కలిసి రాశారు.

ఈ మాట కొత్తది కాదు. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీర ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం మూడో ఉద్ద్యోతంలో దీన్ని చర్చించాడు. మానవమాత్రుడైన రాజు సముద్రాలు దాటినట్టు వర్ణిస్తే అనౌచిత్యమనీ, దానివల్ల రసభంగమవుతుందనీ అంటాడు. వెంటనే తానే ఒక ఆక్షేపణ తెస్తాడు: సాతవాహనుడు నాగలోకానికి వెళ్లాడని వింటున్నాం కదా, దాని సంగతేమిటి? మన దక్కను రాజే ఉదాహరణ కావడం నాకు ముచ్చటగా ఉంటుంది. సమాధానం ఇంకా ముచ్చటైనది. సాతవాహనుని వంటివారి గురించి ఎంత ఘనకార్యం వినికిడిలో ఉందో అంతవరకు వర్ణించడం ఉచితమే. దాన్ని మించి కల్పిస్తే అనుచితం. ఆయన అడిగింది ‘జరిగిందా?’ అని కాదు, ‘విన్నామా?’ అని. నాగలోకం ఉన్నదా లేదా అన్న విచారమే అక్కడ లేదు. నిజవ్యక్తుల మీద అల్లే కథకు ఇంతకన్నా స్పష్టమైన సూత్రం నేను ఎక్కడా చూడలేదు.

ఆ సూత్రంతో తెలుగువాళ్లం ఎన్నో ఏళ్లుగా బతుకుతున్నాం. పాండురంగ మాహాత్మ్యం వంటి గంభీరమైన కావ్యం రాసిన తెనాలి రామకృష్ణుడు కథల్లో ఎప్పుడూ వికటకవే. ఆయన నోట భక్తి పలికిస్తే పిల్లలు కూడా ఒప్పుకోరు. ఉగాదికి భువనవిజయం ఆడతాం. ఆ సభలో పింగళి సూరన కూర్చుంటాడు. ఆయన కళాపూర్ణోదయం అంకితమిచ్చింది నంద్యాల కృష్ణమరాజుకు. రాయల కాలానికి తర్వాతి కవి. రామరాజభూషణుడి సంగతీ అంతే. అయినా ఆ ఎనిమిది పీఠాల్లో ఒకటి ఖాళీగా ఉంటే సభ వెలితిగా తోస్తుంది. చాటు కథల్లో కవుల కాలాలు కలిసిపోవడం పొరపాటు కాదనీ, అది ఒక సమాజం తన సాహిత్యాన్ని గుర్తుపెట్టుకున్న పద్ధతి అనీ వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ వివరించారు. నాకు ఆ వివరణ చాలావరకు సమ్మతమే. కొంత మిగిలిపోతుంది. కొన్నేళ్ల కిందట ఇక్కడే ఒక ఉగాది సభలో నాకు ధూర్జటి వేషం ఇచ్చారు. రాయల్ని పొగిడే పద్యానికి చిరునవ్వుతో తల ఊపాలి. రాజుల కొలువును అంతగా ఏవగించుకున్న శ్రీకాళహస్తీశ్వర శతకం ఆయన పేరు మీదే ఉందాయె. తల ఊపాను. ప్రేక్షకులు చప్పట్లు కొట్టారు. ధూర్జటి అడగడానికి రాడు గనక సరిపోయింది.

అడగడానికి వచ్చేవాడుంటే ఏమవుతుంది? ఆంబ్రోజ్ పానశాలలో జరిగింది అదే.

1817లో మొదలైన బ్లాక్‌వుడ్స్ ఎడిన్‌బర్గ్ మ్యాగజీన్‌లో 1822 నుంచి 1835 దాకా ‘నాక్టెస్ ఆంబ్రోసియానె’ అనే సంభాషణలు డెబ్భై ఒకటి వచ్చాయి. పేరుకు అర్థం ఆంబ్రోజ్ రాత్రులు. మిత్రులు పానశాలలో చేరి ఆల్చిప్పలు తింటూ, టాడీ తాగుతూ సాహిత్యం, రాజకీయం మాట్లాడుకుంటారు. మొదట్లో లాక్‌హార్ట్, మాగిన్, హాగ్ కూడా చేయి వేశారు. తర్వాత ఎక్కువ భాగం జాన్ విల్సన్ రాశాడు. పెయిస్లీలో సంపన్నుల ఇంట పుట్టి, 1820 నుంచి ఎడిన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో నీతిశాస్త్రాచార్యుడిగా ఉన్నవాడు. సంభాషణల్లో తనకు క్రిస్టఫర్ నార్త్ అని పేరు పెట్టుకున్నాడు. ఎదుట కూర్చునే ప్రధాన పాత్ర ‘ఎట్రిక్ గొర్రెలకాపరి’. ఈ కాపరి కల్పితుడు కాడు. ఎట్రిక్‌లో 1770లో పుట్టి, బడిచదువు కొన్ని నెలలకే ఆగిపోగా గొర్రెలు కాసుకుంటూ కవి అయిన జేమ్స్ హాగ్. పత్రికలో కాపరి రాత్రంతా పానశాలలో ఉపన్యసిస్తుంటే, అసలు మనిషి చాలా రాత్రులు యారో లోయలోని తన ఆల్‌ట్రైవ్ పొలం దగ్గర ఉండేవాడు.

పాత్రౌచిత్యం దృష్టితో చూస్తే ‘రాత్రులు’ గొప్ప రచన. కాపరి స్కాట్స్ యాస, తిండి మీది మోజు, గొర్రెల మీదా కుక్కల మీదా మమకారం, సొంత కవిత్వం మీది అమాయకమైన గర్వం, మాటల మధ్య హఠాత్తుగా ఎగిసే కవితాధార, ఇవేవీ గాలిలోంచి తెచ్చినవి కావు. హాగ్ రాసిన పాటల్నే కొన్నిచోట్ల కాపరి చేత పాడించారు. వినికిడిలో ఉన్నదంతా అక్కడుంది. దాన్ని మించినది అతి తక్కువ. ఆ మించినదాన్ని కూడా అదే యాసలో ముంచి తీయడంతో అతుకు కనబడదు. విల్సన్ పనితనం ఇక్కడే ఉంది. మనిషిని పట్టించేది అతని అభిప్రాయాల కన్నా అతని పలుకు అని ఆయన గ్రహించాడు. నేటి మంచి అభిమాన కథకులదీ ఇదే మార్గం: ఎవరు ముందు నవ్వుతారు, ఎవరి వాక్యం సగంలో ఆగుతుంది, అయిదుగురిలో ఎవరి మాటను ఎవరు పూర్తి చేస్తారు.

అయితే యాస అంత తేలిగ్గా మోసే బరువు కాదు. ఆచార్యుడు ప్రామాణిక ఇంగ్లీషులో మాట్లాడి, కాపరి పల్లె పలుకులో మాట్లాడినప్పుడు, ఎంత ప్రేమగా రాసినా, నవ్వు ఏ వైపుకు పారుతుందో ముందే తేలిపోతుంది. తెలంగాణ పలుకును దశాబ్దాల పాటు ప్రతినాయకులకూ హాస్యగాళ్లకూ కట్టబెట్టిన తెలుగు సినిమా చూసినవారికి దీన్ని వివరించనక్కరలేదు.

హాగ్ స్పందన సూటిగా లేదు, అదే నన్ను ఆలోచింపజేస్తుంది. తన పేరుతో తాననని మాటలు అచ్చవుతున్నందుకు ఉత్తరాల్లో, ఆత్మకథలో ఆక్షేపించాడు. ఆ కీర్తిని అనుభవించాడు కూడా. 1832లో లండన్ వెళితే విందుల మీద విందులు ఇచ్చారు. ఆ ఆతిథ్యంలో గణనీయమైన భాగం పత్రికలోని కాపరికి దక్కినదే. ఇద్దరి మధ్య ఎవరు ఎవరి భోజనం తింటున్నారో చెప్పడం కష్టం. 1835లో హాగ్ చనిపోయాడు. 1855 నుంచి వెలువడిన విల్సన్ రచనల సంపుటాల్లో ‘రాత్రులు’ మొదట వచ్చాయి. సంపాదకుడైన ఆయన అల్లుడు ఫెరియర్ దృష్టిలో ఆ కాపరి విల్సన్ సృజించిన మహాపాత్ర. అలా ఒక మనిషి పలుకు మరొకరి సర్వస్వంలో భాగమైపోయింది.

ఆ పత్రిక యార్క్‌షైర్‌లోని హవర్త్ గ్రామంలో ఒక మతాచార్యుని ఇంటికి కూడా చేరేది. 1826 జూన్‌లో ఆ ఇంటి తండ్రి కొడుకు కోసం పన్నెండు కొయ్య సైనికుల్ని తెచ్చాడు. పదేళ్ల షార్లెట్ బ్రాంటీ ఒకదాన్ని చేతిలోకి తీసుకొని డ్యూక్ ఆఫ్ వెలింగ్టన్ అని పేరు పెట్టింది. తమ్ముడు బ్రాన్‌వెల్ తనదానికి బోనపార్ట్ అన్నాడు. 1829లో పిల్లలు తమ బొమ్మలకు సరిపోయే బుల్లి పత్రిక నడిపారు, పేరు బ్లాక్‌వుడ్స్‌దే. అందులో ‘రాత్రుల’ ఫక్కీలో సంభాషణలూ ఉన్నాయి. కొన్నేళ్లకు షార్లెట్ దృష్టి వెలింగ్టన్ పెద్దకొడుకు మార్క్విస్ ఆఫ్ డూరో మీదికి మళ్లింది. అసలు డూరో బతికే ఉన్నాడు. కథలో డూరో కవి అయ్యాడు, స్త్రీలోలుడయ్యాడు, చివరికి జమోర్నా ప్రభువై ఆంగ్రియా రాజ్యం ఏలాడు. బిరుదు మిగిలింది, మనిషి ఆనవాళ్లు లేవు. జమోర్నా పోలికలు జేన్ ఎయిర్‌లోని రాచెస్టర్‌లో కనిపిస్తాయని విమర్శకులంటారు.

ఇదే దారిలో మన కాలపు ఉదాహరణ ఆనా టాడ్ ‘ఆఫ్టర్’. 2013లో వాట్‌ప్యాడ్‌లో వన్ డైరెక్షన్ అభిమాన కథగా మొదలైంది. 2014లో అచ్చులోకి వచ్చేసరికి హ్యారీ స్టైల్స్ పేరు హార్డిన్ స్కాట్‌గా మారింది. పేరు మార్చడంతో కథకు నష్టమేమీ జరగలేదు. జరగలేదంటే, మొదటి నుంచీ అందులో హ్యారీ లేడన్నమాట. ఇది నవలకు దోషం కాకపోవచ్చు. కానీ పాత్రౌచిత్యానికి నాకు తెలిసిన గట్టి పరీక్ష ఇదే. పేరు తీసేసి చూడాలి. ‘రాత్రుల్లో’ కాపరి పేరు మార్చండి: ఎట్రిక్ పోతుంది, పాటలు పోతాయి, సంభాషణ కుప్పకూలుతుంది.

ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. జమోర్నా వల్ల అసలు డూరోకు వీసమెత్తు నష్టం లేదు, ఎందుకంటే ఎవరూ ఒకరిని చూసి మరొకరనుకోరు. హాగ్‌ను గాయపరచింది అతనిలా లేని పాత్ర కాదు, అచ్చం అతనిలానే ఉన్న పాత్ర. పాత్రౌచిత్యం ఎంత పదునెక్కితే మనిషికి అంత దగ్గరగా తగులుతుంది. బాగా రాయడమూ మర్యాదగా రాయడమూ ఒకటే అని అభిమానులు తరచు అనుకుంటారు. నాకు అలా తోచదు. నిర్లక్ష్యంగా రాసిన కథలో పాటగాడు ఎవడో ఒకడు. శ్రద్ధగా రాసిన కథ మాత్రమే అతని నోరు తీసుకోగలదు. అతను పబ్లిక్‌గా చెప్పని ప్రేమనో వ్యసనాన్నో అతని పలుకులోనే పలికిస్తే, ఆనందవర్ధనుడి సరిహద్దు దాటినట్టే. పైగా వినికిడిని పెంచేవాళ్లలో రేపు ఆ రచయిత కూడా ఒకరవుతారు.

హాగ్ జవాబు విమర్శ రూపంలో ఉన్నచోట కన్నా కథ రూపంలో ఉన్నచోట బలంగా ఉంది. 1824లో ఆయన రాసిన పాపి ఆత్మకథ నవలలో గిల్-మార్టిన్ అనే వింత వ్యక్తి ఎవరిని తలిస్తే వారి ముఖం తనకు తెచ్చుకోగలడు. వేరొకడి ముఖంతో తిరుగుతూ చేయరాని పనులు చేస్తాడు. ఈ ఊరి ఆర్థర్స్ సీట్ కొండ మీద పొగమంచులో తమ్ముడి ఆకారం బ్రహ్మాండంగా పెరిగి అన్నను భయపెట్టే ఘట్టమూ అందులోనిదే. పత్రికలో తన ముఖం తొడుక్కున్నవాణ్ని ఏళ్లుగా చూస్తున్న మనిషి రాసిన నవల అని తెలిసి చదివితే ఆ పుటలు వేరుగా కనబడతాయి.

ఆ నవల చివర, పాత సమాధిని తవ్వి చూడాలని నగరం నుంచి వచ్చిన సంపాదకుడు, దాని గురించి బ్లాక్‌వుడ్స్‌లో జాబు రాసిన జేమ్స్ హాగ్‌ను సాయం అడగడానికి సంతకు వెళతాడు. హాగ్ అక్కడ గొర్రెల బేరంలో ఉంటాడు. తనదైన యాసలోనే, రెండు ముక్కల్లో, తనకు తీరిక లేదని చెప్పి, మళ్లీ బేరంలో పడతాడు.