రాగి అయానుల నడక: లెక్కకు సాక్ష్యమేది?

సిద్ధిపేట నుండి హుస్నాబాదు మీదుగా హనుమకొండకు పోవు క్రొత్త డీజిలు లారీలను గమనించినచో, పెక్కింటికి డీజిలు తొట్టి గాక యూరియా ద్రావణపు తొట్టి యొకటి కనబడును. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతట అమలైన బి.ఎస్.-6 నియమములే దీనికి కారణము. వేడి పొగలో యూరియా విడిపోయి అమోనియా నిచ్చును. ఊపిరితిత్తులకు హాని చేయు నత్రజని ఆక్సైడులు ఉత్ప్రేరకము మీద ఆ అమోనియాతో కలసి నత్రజనిగను, నీరుగను మారును.

ఇట్టి ఉత్ప్రేరకములలో రాగి అయానులు నింపిన జియోలైటు ముఖ్యమైనది. అందు రాగి ఎట్లు పనిచేయునో తెలుపు పరిశోధన యొకటి 2017లో ‘సైన్స్’ పత్రికలో వెలువడినది. అమెరికాలోని పర్‌డ్యూ, నోటర్ డామ్ విశ్వవిద్యాలయముల వారు ఇందు ప్రధానులు. చర్యలో రాగి ఒక ఎలక్ట్రానును గ్రహించును. తిరిగి పూర్వస్థితికి రావలెనన్న, రెండు రాగి అయానులు కలసి ఒక ఆమ్లజని అణువును పట్టవలెను. కాని అవి జియోలైటు గదులలో వేరువేరుగ నుండును. అమోనియా అణువులు చుట్టుకొనగా రాగి తన చోటు వదలి, కిటికీ వంటి రంధ్రము గుండ ప్రక్క గదికి పోయి జతగూడునని క్వాంటం గణనలు చూపినవి. గుంజకు కట్టిన ఆవు పలుపు పొడవు మేరకే మేసినట్లు, రాగియు విద్యుదాకర్షణ పరిధిలోనే తిరుగును.

ఈ గణన మెచ్చదగినదే. ఐనను కంప్యూటరు చెప్పినంత మాత్రమున నమ్మరాదు. శక్తి అవరోధమును లెక్కించుటలో మోలుకు 20 కిలోజౌలుల పొరపాటు జరిగినచో, 200 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద చర్యావేగపు అంచనా నూరు రెట్లకు మించి తప్పును. కావున ఈ పరిశోధన బలము లెక్కలో కంటె సాక్ష్యములో నున్నది. రాగి జతలుగా పనిచేయుట నిజమైనచో, రాగి పలుచగా నున్నపుడు దాని సాంద్రత రెండింతలైన వేగము నాలుగింతలు కావలెను. కొలతలు ఈ నియమమునే బలపరచినవి. ఎక్స్-కిరణ పరీక్షలును రాగి స్థితిలోని మార్పును చూపినవి.

పరిమితులు లేకపోలేదు. ఈ వివరణ తక్కువ ఉష్ణోగ్రతలకే వర్తించును. పొగలోని గంధకపు ఆక్సైడులు రాగి చురుకుదనమును తగ్గించును. దీర్ఘకాలపు వేడికి, ఆవిరికి జియోలైటు శిథిలమగును. ప్రయోగశాలలోని శుభ్రమైన వాయువులకు సరిపడిన లెక్క, ఏండ్ల తరబడి తిరిగిన లారీకి అట్లే సరిపడునని తలపరాదు.

ఉత్ప్రేరకము చర్యలో పాల్గొనదని తరగతులలో తరచు వినబడు వాక్యము మాత్రము ఇక నిలువదు. రాగి కదలును, జతగూడును, మారును. తుదకు యథాస్థితికి వచ్చును. ‘పాల్గొనదు’ అనుటకు మారుగా ‘పాల్గొని, తిరిగి మిగులును’ అని బోధించుట యుక్తము.