అత్తమ్మ అడిగితే ఏం చెప్తావు?

విరేచనాలకు మందు రాసిచ్చిన పది నెలల బాబును మూడు వారాలకే వాళ్ళమ్మ మళ్ళీ ఎత్తుకొచ్చింది. మళ్ళీ అవే విరేచనాలు. జింక్ బిళ్ళలు వేశావామ్మా అని అడిగితే సంచీలోంచి అట్ట తీసి చూపించింది. 14 బిళ్ళల్లో 11 అలాగే ఉన్నాయి.

"మూడో రోజుకే తగ్గింది సార్. తగ్గాక కూడా మందెందుకని మా అత్తమ్మ అంది."

ఆ అత్తమ్మ అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు ఈ తల్లికి నేను చెప్పి పంపలేదు. "రోజుకొకటి, పద్నాలుగు రోజులు" అని చీటీ చేతిలో పెట్టి, తర్వాతి బిడ్డను పిలిచాను.

విరేచనాలకు ఓఆర్‌ఎస్‌తో పాటు జింక్ కూడా ఇవ్వాలని డబ్ల్యూహెచ్‌ఓ, యూనిసెఫ్ 2004లో చెప్పాయి. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకన్నా చిన్నవాళ్ళకు అందులో సగం. మన దగ్గర 14 రోజులు వేయిస్తాం. పూర్తిగా వాడితే తర్వాత రెండు మూడు నెలలు విరేచనాలు తిరగబెట్టే అవకాశం తగ్గుతుంది. ఈ మేలు కంటికి కనపడదు. మనం నోటితో చెబితేనే తల్లికి తెలుస్తుంది.

అందుకే ఆశా కార్యకర్తలకు, నర్సులకు శిక్షణ ఇచ్చేటప్పుడు "అర్థమైందా?" అనే ప్రశ్నను మొదట మాన్పిస్తాను. దానికి ఏ తల్లయినా తలూపుతుంది. "ఇంటికెళ్ళాక మీ అత్తమ్మ అడిగితే ఏం చెప్తావమ్మా?" అని అడగమంటాను. ఆమె తడబడితే తప్పు ఆమెది కాదు, మనం చెప్పిన తీరుది. మళ్ళీ చెప్పాలి.

చేత్తో చేయించడం కూడా అంతే ముఖ్యం. మొన్న ఒక ఆశా కార్యకర్త తల్లి పాత్ర వేసింది. స్పూనులో బిళ్ళ వేసి, కాచి చల్లార్చిన నీళ్ళు పోసింది. బిళ్ళ ఇట్టే విడిపోయింది. తాగించినట్టు స్పూను వంచితే, అడుగున తెల్లటి పిండి అంటుకుని ఉంది. ఇంకో నాలుగు చుక్కలు పోసి కలిపి, అదీ పట్టాలని అప్పుడు అందరూ గమనించారు. ఎన్నిసార్లు నోటితో చెప్పినా ఈ సంగతి ఇంత బాగా పట్టుబడదు.

తర్వాత ఆమెను అత్తమ్మ ప్రశ్న అడిగాం.

"మోషన్లు ఆగాయి గానీ లోపల పేగు ఇంకా పూర్తిగా మానలేదట అత్తమ్మా. అన్ని బిళ్ళలూ వేస్తే అంత తొందరగా మళ్ళీ రావట."

ఆ తల్లికి చీటీతో పాటు నేను ఇచ్చి పంపాల్సింది ఈ రెండు మాటలే.