జడ్డిగం మీది చేయి

జహీరాబాద్ చుట్టుపక్కల ఎర్రచెలకల్లో ఆగస్టు నాటి చేను చూస్తే ముందు తికమకగా ఉంటుంది. జొన్న పక్కన కంది, నడుమ పెసర, అనుములు, గట్టు వెంట పుంటికూర. చేతికందిన గింజనల్లా చల్లి పోయారేమో అనిపిస్తుంది. సాళ్ల వెంట కాస్త నడిస్తే ఏ మొక్కా ఊరికే అక్కడ లేదని తెలుస్తుంది.

ఆ పనితనమంతా విత్తే పూటదే. గొర్రు పళ్ల నుంచి పైకి లేచిన వెదురు గొట్టాలు జడ్డిగం అనే చెక్కగిన్నెకు చేరతాయి. ఎద్దుల వెనక నడుస్తూ విత్తే మహిళ పిడికిట్లోంచి గింజ వదులుతుంది. మొక్కకూ మొక్కకూ ఎంత ఎడం ఉండాలో ఆ వేళ్లే తేలుస్తాయి. పట్టు వదులైతే మొలకలు కిక్కిరుస్తాయి, చేయి ఆగితే సాలు బోసిపోతుంది. ఎద్దు అడుగు మారితే వేళ్ల వేగమూ మారాలి. గింజ అన్ని గొట్టాల్లోకీ సమంగా పడాలి. కంది కోసం గొర్రు వెనక విడిగా ఒక గొట్టం కట్టి మరొకరు విత్తుతూ వస్తారు. నువ్వుల వంటి సన్నగింజ గుత్తులుగా పడకుండా ఇసుకలో కలుపుతారు. ఆ వెంటనే గుంటక తోలి గింజను కప్పేస్తారు. పదును ఆరేలోగా ఇదంతా అయిపోవాలి. మగ్గం మీది చేతికి మనం ఇచ్చే గౌరవం జడ్డిగం మీది చేతికీ దక్కాలి.

ఆ కూర్పులోనూ లెక్క ఉంది. కంది మొదటి రెండు నెలలు మెల్లగా ఎదుగుతుంది. ఆలోగా పెసర కోతకొస్తుంది. జొన్న కోసేశాక కంది కొమ్మలు పరుచుకుని, లోతుకు దిగిన వేరుతో అడుగు తేమను అందుకుంటుంది. పప్పుజాతి వేళ్ల బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి. రాలిన కంది ఆకు నేలలోనే మగ్గుతుంది. నడుమ వాన మొహం చాటేస్తే ఒకటి పోయినా మరొకటి నిలుస్తుంది. ఎకరాకు ఎన్ని క్వింటాళ్ల జొన్న అని మాత్రమే అడిగేవారికి ఈ చేను విలువ అందదు. ఇంటి పప్పు, కూర, పశువుల చొప్ప, పొయ్యిలోకి కందికట్టె ఆ లెక్కలోకి రావు మరి.

ఇదే ప్రాంతంలో చలికాలంలో నల్లరేగడిలో నీళ్లు పెట్టకుండా, మిగిలిన తేమకూ మంచుకూ పండే శనగ, కుసుమ, అవిసెలను అక్కడి ఆడవాళ్లు ‘సత్యం పంటలు’ అంటారు.

1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో ఈ సేద్యాన్ని నిలబెట్టుకున్నది ఎక్కువగా దళిత మహిళల సంఘాలే. 2019లో ఆ సంస్థకు ఈక్వేటర్ అనే అంతర్జాతీయ బహుమతి వచ్చింది. నాకైతే వాళ్లు విత్తనం ఎంచే తీరే పెద్ద ఘనత. కోతకు ముందే చేనంతా తిరిగి, తెగులు సోకని మొక్కలనూ నిండు కంకులనూ వేరు చేస్తారు. బాగా ఎండబెట్టి, బూడిద, వేపాకు కలిపి, పేడమట్టితో అలికిన బుట్టల్లో దాస్తారు. బూడిద పురుగు ఒంటిని గీరి, తడి లాగి చంపుతుంది. విత్తనం లేనివాళ్లకు ఆ బుట్టలోంచే కొలిచి ఇస్తారు. డబ్బు అడగరు, పంట ఇంటికొచ్చాక తీసుకున్నదానికన్నా ఎక్కువగా, విత్తనంగానే తిరిగి కొలిపించుకుంటారు.